మన భాష రాని మా వదిన

మా వదినకి మన భాష ఒక్క ముక్క కూడా రాదని ఈ ఊళ్లో చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. ఇంట్లో ఆవిడ నోటికి జడిసి బతికేది మేము. బయట ఎవరైనా "పాపం, మీ ఆవిడకి మన మాటలు రావుటగా" అంటే మా అన్నయ్య పెద్ద నిట్టూర్పు విడిచి, "ఆ అదృష్టం నాకెక్కడిది" అనుకుంటాడు, పైకి మాత్రం తలూపుతాడు.

ఆవిడ పని పరాయి భాష నేర్పడం. పెళ్లికి ముందు ఆ భాష మాట్లాడే దేశంలో, ఒక వృద్ధాశ్రమం వంటింట్లో కొన్నేళ్లు పనిచేసింది. చుట్టుపక్కల మన భాష తెలిసిన పురుగు కూడా లేదు. ఆకలేస్తే అడగాలి, చలేస్తే అడగాలి, సెలవు ఇవ్వకపోతే పోట్లాడాలి. అలా ఒంటికి పట్టిన భాష అది. తిరిగొచ్చి, మా అన్నయ్యని చేసుకుని, బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ఇన్‌స్టిట్యూట్‌లో టీచరుగా చేరింది. అక్కడికి వచ్చేవాళ్లంతా ఆ దేశంలో ముసలివాళ్లకి సేవ చేసే ఉద్యోగాలకి వెళ్లేవాళ్లే. నేనూ అక్కడే ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తుతాను, సాయంత్రం తాళాలు వేస్తాను. నాకూ క్లాసుకీ మధ్య ఒక అద్దాల తలుపు మాత్రమే అడ్డం. పరీక్ష పెడితే తప్పుతాను గానీ, అక్కడ మాట్లాడుకునేది నాకు బాగానే అర్థమవుతుంది.

మొదట్లో ఆవిడా అందరిలాగే చెప్పింది. బోర్డు మీద రాసేది, వాళ్లు బట్టీపట్టేవారు. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ బ్యాచ్‌లో అందరికంటే ముందున్న ఒకాయన ఆ దేశంలో దిగి, రైల్వే స్టేషన్లో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో అడగలేక వదినకి ఫోన్ చేశాడు. "మేడం, మీరొకసారి ఈయనతో మాట్లాడి పెట్టండి" అంటూ టికెట్లు అమ్మే మనిషి చేతికి ఫోను ఇచ్చాడు. వదిన ఇక్కడ మా వంటింట్లో నిలబడి, అక్కడ ఆయనకి మంచినీళ్లు అడిగిపెట్టింది. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

"తప్పు వాళ్లది కాదే అమ్మాయ్. నాకు మన భాష వచ్చని వాళ్లకి తెలుసు. ఇంక ఆ భాషలో అవస్థపడే ఖర్మ వాళ్లకేంటి?" అంది నాతో.

తర్వాతి బ్యాచ్ నుంచి ఆవిడకి మన భాష రాకుండా పోయింది. మేడం అక్కడే పుట్టి పెరిగారని ప్రిన్సిపాల్ చేత చెప్పించింది. ఇక కిటికీ తియ్యాలన్నా, బయటికి వెళ్లాలన్నా ఆ భాషలోనే అడగాలి. ఫ్యాను స్విచ్చు ఆవిడ కుర్చీ వెనకే ఉంటుంది కాబట్టి ఎండాకాలం బ్యాచ్‌లకి చదువు తొందరగా అబ్బేది. పాఠమంటే పుస్తకం కాదు. ఒకరు మంచం పట్టిన ముసలాయన, ఇంకొకరు ఆయన నర్సు. నొప్పి ఎక్కడుందో ముసలాయనకి మాత్రమే తెలుసు, నర్సు అడిగి రాబట్టాలి. తప్పులు మాట్లాడినా ఆవిడ పట్టించుకోదు. మాట అవతలి మనిషికి చేరిందా లేదా, అదొక్కటే చూస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. వాళ్లు ఆవిడ ఎదురుగానే ఆవిడ గురించి మన భాషలో చెప్పుకునేవారు. "జుట్టుకి రంగేసిందంటావా?" "వెయ్యకేం, చెవుల వెనక మర్చిపోయింది." వదిన మొహంలో ఒక్క గీత కదలదు. ఇంటికొచ్చి మాత్రం అద్దం ముందు మెడ తిప్పుకుంటూ అరగంట కూర్చుంది. నేను పడీపడీ నవ్వితే దువ్వెన విసిరింది.

ఆ జుట్టు రంగు మాటలన్న బ్యాచ్‌లోనే టైలరమ్మ ఉండేది. వెనక వీధిలో కుట్టుమిషను కొట్టు ఆవిడది. ఆ దేశంలో ఒక వృద్ధాశ్రమం వాళ్లు ఆవిణ్ణి తీసుకుంటామన్నారు, కానీ వచ్చే వారం వీడియోలో వాళ్లతో మాట్లాడి ఒప్పించాలి. అది తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. టైలరమ్మకి అన్నీ అర్థమవుతాయి. దిండు ఎత్తమంటే ఎత్తుతుంది, దుప్పటి మడవమంటే అందరికంటే చక్కగా మడుస్తుంది. నోరు మాత్రం ఆవలించడానికే తెరుస్తుంది.

ఒకరోజు విరామంలో, వదిన బోర్డు తుడుస్తుండగా, టైలరమ్మ పక్కనున్న ఆవిడతో మన భాషలో అంది. "రేపట్నుంచి నేను రానమ్మా. ఇంట్లో నేను నోరు తెరిస్తే మా అత్తగారు నవ్వుతుంది, మా పిల్ల తప్పులు దిద్దుతుంది. సొంత భాషలోనే నా మాట ఎవరికీ అక్కర్లేదు, ఇంక ఆ భాషలో ఎవరు వింటారు? నాకు మిషనే నయం. దానికి మాటలతో పన్లేదు."

వదిన వెనక్కి తిరగలేదు. తుడిచేసిన బోర్డునే మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం నాకు ఒళ్లు మండిపోయింది. "నాలుగు మాటలు మన భాషలో చెప్తే నీ సొమ్మేం పోయేది వదినా? ఆవిడ బతుకు కన్నా నీ పంతం ఎక్కువా?"

"చెప్తే ఆగుతుంది," అంది వదిన. "ఆగి, ఇంటర్వ్యూలోనూ నా మొహం కోసమే వెతుక్కుంటుంది. అక్కడ నేనుండను కదే." లేచి బీరువా తెరిచి, ఆ దేశంలో వేసుకున్న పాత చలికోటు బయటికి లాగింది. ఇక్కడ ఎన్నడూ పడని చలికి ఆ కోటు ఎందుకు దాచిందో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని టైలరమ్మ కొట్టుకి వెళ్లింది. "నువ్వు మధ్యలో నోరు పెట్టావో, చూసుకో" అని దారిలోనే బెదిరించింది. ఇరుకు గది, గుమ్మం పక్కన మిషను, గోడకి నిలువుటద్దం. మమ్మల్ని చూసి టైలరమ్మ గాభరాగా లేచి, "మేడంకి ఏం కావాలిటమ్మా?" అని నన్నడిగింది.

"నాకేం తెలుసు, ఆవిణ్ణే అడగండి" అని నేను అటు తిరిగి గుండీల డబ్బాలు చూస్తూ నిలబడ్డాను.

వదిన కోటు తొడుక్కుని, చేతులు పొడుగైపోయాయి, ఇక్కడిదాకా కత్తిరించు అని ఆ భాషలో చెప్పింది. చూపించింది దాదాపు మోచేతి దాకా. టైలరమ్మ "కాదు" అంది. అంతే, ఆగిపోయింది. వదిన మళ్లీ కత్తిరించమంది. కళ్లముందు మంచి గుడ్డ పాడవుతుంటే ఏ టైలరు ఊరుకుంటుంది? "కాదు మేడం. చెయ్యి తప్పు లేదు. భుజం. భుజం వదులు. భుజం కిందికి, అందుకే చెయ్యి పొడుగు." ఆ భాషలో ముక్కలు ముక్కలుగా వచ్చింది గానీ, మాట వచ్చింది. వదిన ఒప్పుకోలేదు, చెయ్యే కత్తిరించమంది. "వద్దు! నిటారుగా నిలబడండి. అద్దంలో చూడండి. ఎవరు కుట్టారు ఇది? చెడ్డ పని!"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. టైలరమ్మ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని వదిన భుజం మీద గుడ్డ ముడిచి, ఒక్కొక్కటే గుచ్చుతోంది. ఏ సూది ఎటు జారిందో, వదిన ఒక్కసారి ఎగిరిపడింది.

"అబ్బా! చచ్చాన్రా దేవుడా!"

స్వచ్ఛమైన మన భాష. అదీ మా ఇంట్లో అరిచినంత గట్టిగా.

టైలరమ్మ అద్దంలో వదిననే చూస్తోంది. వదిన మొహం పాలిపోయింది. అయిపోయింది, ఇంతకాలం పడ్డ పాటంతా నీళ్లపాలైంది, ఇంక ఈవిడ మన భాషలో మొదలుపెట్టి ఆడేసుకుంటుంది అనుకున్నాను. ఇన్నాళ్లూ క్లాసులో తను అన్న మాటలన్నీ ఈ మనిషి విందని టైలరమ్మకి అర్థమైపోయింది, అది ఆ చూపులోనే తెలుస్తోంది. నిన్నటి మాటలు కూడా.

టైలరమ్మ పెదాల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి దూదిసంచికి గుచ్చింది. తర్వాత ఆ భాషలో, నెమ్మదిగా, మాటలు ఏరుకుంటూ అడిగింది.

"క్షమించండి మేడం. నొప్పిగా ఉందా?"

"కొంచెం" అంది వదిన, ఆ భాషలోనే. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి సూది వల్ల వచ్చినవి కావు.

"కదలొద్దు. ఇంకా పని ఉంది." టైలరమ్మ రెండో భుజం కూడా సరిచేసి, సుద్దతో గీత గీసి, కోటు విప్పించి మడిచి మిషను మీద పెట్టుకుంది. మేము గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. అప్పటికీ ఆ భాషే.

"మధ్యాహ్నం క్లాసుకి నేను తెస్తాను. వేసుకుని చూడండి. బాగోకపోతే నాకు చెప్పండి మేడం. ఈ భాషలోనే చెప్పండి."