మా వదినగారి గొలుసుకట్టు పాఠం

మా వదినగారు పోయారని మొన్న ఉదయం అన్నయ్య ఫోను చేశాడు. కృష్ణానగర్‌లో తమ ఇంటి ముందుగదిలో ఆవిడ ఏళ్ల తరబడి వయోజన విద్యాకేంద్రం నడిపారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి గనుక సాయంత్రాలు నేనూ అక్కడ కూర్చునేవాణ్ణి, కూర్చున్నంతసేపూ విసుక్కునేవాణ్ణి.

కొత్తవారికి ఆవిడ ముందుగా పలక ఇచ్చేవారు కాదు. "ఏం చదవాలని వచ్చావు?" అని అడిగేవారు. ఒకరు బస్సు బోర్డు అనేవారు, మరొకరు మందుచీటీ. సినిమాల్లో గుంపులో నిలబడే యాదమ్మ మాత్రం, "డైలాగు కాగితం. చదువొస్తేనే డైలాగిస్తరంట అమ్మా, లేకుంటే ఎన్నేండ్లయినా గుంపులనే" అంది.

యాదమ్మ వాచకం పూర్తిచేసింది. తనిఖీకి వచ్చిన అధికారి ఒక పేజీ చదివించి, ఆమె అక్షరాస్యురాలయిందనీ, ఇక కేంద్రంతో పని లేదనీ తేల్చాడు. ఆ వారమే సెట్టులో ఆమె చేతికి కాగితం వచ్చింది. సహాయ దర్శకుడి గొలుసుకట్టు రాత. అచ్చక్షరాలే ఎరిగిన యాదమ్మ ఒక్క మాటా చదవలేకపోయింది. డైలాగు మరొకరికి పోయింది.

"పాములు పాకినట్లుండె అమ్మా. మన పుస్తకంల గట్ల లేవు" అంటూ వచ్చి గడపలో కూలబడింది.

ఆ అధికారిపై నాకు నేటికీ కోపమే. ఎవరు దేనికోసం వచ్చారో అడగకుండా, పుస్తకం ముగిసిందా అని మాత్రమే చూసే పరీక్ష ఏం పరీక్ష? పై అధికారులకు ఒక అర్జీ పెట్టమంటే వదినగారు వినలేదు. కేంద్రం నడిపినందుకు ప్రభుత్వం ఇచ్చే గౌరవవేతనం ఆ తనిఖీతో ఆగినా, ఫిల్మ్‌నగర్‌లో పారేసిన డైలాగు కాగితాలు ఏరి తెప్పించి, వాటితోనే పాఠం చెప్పారు. వాటిలో కర్త ఉన్నచోట క్రియ ఉండదు.

"వదినగారూ, ఈ చెత్తతోనా చదువు?"

"వ్యాకరణం మీ దగ్గర నేర్చుకుంటుంది లెండి మాస్టారూ. ముందు దీని పని పట్టనివ్వండి."

యాదమ్మకు వేలు పెట్టి చదివే అలవాటు. సెట్టులో నవ్వుతారని బెంగ. "బొటనవేలు కాగితం వెనక జరుపుకో, ఎవరు చూడొచ్చారు?" అన్నారు వదినగారు.

మరుసటి వేసవిలో జూబ్లీహిల్స్‌లోని ఒక బంగళాలో చిత్రీకరణ. ఎండలో గొడుగు వేసుకుని వదినగారూ, పక్కన నేనూ గేటు బయట నిలబడ్డాం. వరండాలో పనిమనిషి వేషంలో యాదమ్మ, చదివి వినిపించబోయిన సహాయ దర్శకుణ్ణి చేత్తో ఆపి, కాగితం తనే చూసుకుంది. తరువాత ఆ ఒక్క వాక్యం తడబడకుండా చెప్పింది.

తెరమీదికి వచ్చేసరికి ఆ వాక్యం కత్తిరించారు. నేను మండిపడ్డాను. "సినిమా వాళ్లిష్టం. మన యాదమ్మ చదివిందా, లేదా?" అన్నారావిడ.

నా కోపాలు నాకున్నాయి. అయినా కళ్లు మూసుకుంటే ఆ గేటే కనిపిస్తుంది. లోపల యాదమ్మ కాగితం చూస్తున్నంతసేపూ, బయట మా వదినగారి బొటనవేలు గొడుగు పిడిమీద అక్షరం వెంట అక్షరంగా జరుగుతూనే ఉంది.