రమేష్ బావ డ్రాగన్ ఎక్కిన రోజు

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. నేను గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్నాను. మా మేనత్త కొడుకు రమేష్ బావకు గనిలో పైకప్పు కూలి నడుము విరిగింది. కాళ్లు పడిపోయి మంచం పట్టాడు. ఆదివారాలు నేను, ఇద్దరు స్నేహితులు అతని మంచం చుట్టూ చేరి ఒక ఆట ఆడేవాళ్లం. నేను రాజ్యాలు, రాక్షసుల కథ చెబుతుంటే వాళ్లు తలా ఒక వీరుడై, పాచికలు వేస్తూ కథను ముందుకు నడిపేవారు.

ఒకరోజు కథలోకి డ్రాగన్ వచ్చింది.

"దాన్ని చంపుడెందుకు? నేనెక్కి పోత," అన్నాడు బావ.

అతని వెంట అందరూ దాని మీద ఎగిరిపోతే నేను అల్లుకున్న కథంతా వృథా అవుతుందని భయపడ్డాను. "అట్ల కుదరదు బావ. దాని మీద కూసోవాలంటే కాళ్లల్ల బలముండాలె," అనేశాను.

బావ పాచికలు పక్కన పెట్టాడు.

"కథల గూడ కాళ్లు కావాల్నా?" అన్నాడు మెల్లగా.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పాచికలు తీసి మళ్లీ అతని చేతిలో పెట్టి, "తప్పయింది బావ. ఎక్కు. ఎటు పోదాం?" అన్నాను.

అతను కళ్లు మూసుకున్నాడు. "మా గని మీదికెల్లి పోతున్న. పైనుంచి చూస్తే మస్తు చిన్నగుంది," అన్నాడు. ఆ తర్వాత మమ్మల్ని గోదావరి దాటించాడు, అడవులు దాటించాడు. ప్రమాదం జరిగాక అతను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారని అత్త చెప్పింది.

ఆ సంతోషం నాకూ ఉంది. కానీ అంతకుముందు నేనన్న ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను నిలువునా కోస్తుంది.