గంగక్కకు నేను కట్టించిన మేడ

ఇల్లు కూల్చడానికి బుల్డోజర్ కావాలని అందరూ అనుకుంటారు. నాకు పావుగంట సమయం, ఒక గ్లాసు మజ్జిగ, నా నోరు సరిపోయాయి. నాలుగేళ్ళ కిందట బెంగళూరు శివార్లలో, జిగణి దగ్గర మేం అద్దెకున్న వరస ఇళ్ళలో, పక్కింటి గంగక్కకు రావలసిన ప్రభుత్వ ఫ్లాటును ఎవరి సాయమూ లేకుండా నేనొక్కదాన్నే నేలమట్టం చేశాను. అదీ ఆమెకు మేలు చేస్తున్నానన్న సంబరంతో. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నేనూ నవ్వుతూనే చెబుతాను గానీ, లోపల మాత్రం ఇప్పటికీ చేదుగానే ఉంటుంది.

ముందు గంగక్క గురించి చెప్పాలి. ఆమె పుట్టిందీ పెరిగిందీ బెంగళూరులోనే. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక పీజీ హాస్టల్లో వంట చేస్తుంది. భర్త మునిస్వామిది ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. కొడుకు సురేశ్‌ది కొరియర్ ఆఫీసులో ఉద్యోగం. ముగ్గురూ కష్టపడేవాళ్ళే, కానీ ఈ ఊరి స్థలాల ధరలు వింటే మనిషికి ముందు నవ్వొస్తుంది, తర్వాత నీరసం వస్తుంది. అలాంటివాళ్ళ కోసం ప్రభుత్వం ఊరి చివర ఫ్లాట్లు కట్టిస్తోంది. ఖరీదులో కొంత ప్రభుత్వం భరిస్తుంది, మిగతాది బ్యాంకు అప్పు. ముఖ్యంగా రెండు షరతులు. దేశంలో ఎక్కడా సొంత ఇల్లు ఉండకూడదు, ఆదాయం తక్కువగా ఉండాలి. గంగక్క ఈ రెండు అర్హతలనూ పుట్టుకతోనే సంపాదించుకుంది.

దరఖాస్తు పెట్టింది, జాబితాలో పేరు వచ్చింది. ఒక ఆదివారం నన్ను బస్సులో తీసుకెళ్ళి, ఇంకా సున్నం కూడా వెయ్యని ఆ భవనాన్ని చూపించింది. మూడో అంతస్తులో ఒక కిటికీ వైపు చెయ్యి చూపి, "అదో, అది మాదే అవుతాది" అంది. ఎవరికి ఏది ఇస్తారో అప్పటికి తేలలేదు. ఆమె మాత్రం తేల్చేసుకుంది.

"ఆ వంటింట్లో నేను ఎవురికీ వండను సుజాతా," అంది. "మాకోసరమే వండుకుంటా."

ఇక మిగిలింది ఇంటికొచ్చి చేసే విచారణ ఒక్కటే. నెలలు గడిచాయి, ఎవరూ రాలేదు. అందరం దాని సంగతే మరిచిపోయాం.

ఈలోగా సురేశ్‌కు హోసూరు వైపు సంబంధం ఒకటి కుదిరేలా కనిపించింది. అమ్మాయి పెదనాన్న ప్రభుత్వ ఉద్యోగి, మహా నిదానస్తుడట, వీధిలో వాకబు చేసుకుని గానీ మాట ఇవ్వడట. వాకబు అంటే మీకు తెలుసు కదా. అబ్బాయి గురించి అబ్బాయి ఇంట్లో తప్ప అన్నిచోట్లా అడుగుతారు. జాతకాలు కలిసినా పక్కింటావిడ మూతి విరిస్తే పెళ్ళి ఆగిపోతుంది. అందుకే గంగక్క నా దగ్గరికి వచ్చి, ఆ వారంలో ఎవరన్నా వచ్చి అడిగితే నాలుగు మంచి మాటలు చెప్పమంది. నాలుగేం ఖర్మ, నలభై చెబుతానని మనసులో అనుకున్నాను.

మంగళవారం పొద్దున పదకొండింటికి కళ్ళజోడు, చంకలో తోలు సంచీ, మొహంలో తీరిక లేని విసుగు, అన్నీ పెట్టుకుని ఒకాయన వచ్చి మునిస్వామి ఇల్లు ఇదేనా అని అడిగాడు. ఇంటికి తాళం. ప్రభుత్వ ఉద్యోగం ఆయన నడకలోనే కనిపించింది. పెదనాన్న వచ్చేశాడని నాకు అర్థమైపోయింది. ఆయన హౌసింగు ఆఫీసు నుంచి విచారణకు వచ్చాడన్న సంగతి ఒక్కటే అర్థం కాలేదు. కుర్చీ వేశాను, మజ్జిగ ఇచ్చాను, రంగంలోకి దిగాను.

మనుషులెలాంటివాళ్ళని అడుగుతాడనుకుంటే, ఆయన తిన్నగా అసలు విషయానికి వచ్చాడు. "ఊర్లో వీళ్ళకి సొంత మనె ఏమన్నా ఉండాదామ్మా?"

మనె అంటే ఇల్లని నాకు తెలుసు. నేను తెనాలి నుంచి వచ్చి అప్పటికి ఏడాదే అయినా, కన్నడం నా దగ్గర పప్పులో ఉప్పులా కలిసిపోయిందని నా నమ్మకం. పిల్లనిచ్చేవాడు ఇల్లుందా అని అడిగితే లేదని ఎలా చెప్పను?

"ఉందండీ," అన్నాను. "మామూలు ఇల్లు కాదు, మేడ."

ఆయన కలం ఆగింది. "నిజమేనా అమ్మా? ఇది శానా ముఖ్యం."

చూశారా, ఆసక్తి పుట్టింది అనుకున్నాను. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. మేడకు కింద రెండు వాటాలు కట్టించి అద్దెకిచ్చాను. వెనకాల బోరు వేయించాను. మునిస్వామి ఫ్యాక్టరీకి వెళ్ళేది ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచక అని చెప్పాను. సురేశ్ జీతం అతని పెట్రోలుకే సరి, ఇల్లు గడిచేదంతా అద్దెల మీదేనన్నాను. ఇంకొక్క గ్లాసు మజ్జిగ తాగి ఉంటే కొబ్బరితోట కూడా వేసి ఉండేదాన్ని.

ఆయన అంతా రాసుకుని కాగితం నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. పెళ్ళివాకబుకు సంతకమేమిటని ఒక్క క్షణం అనిపించింది. కానీ ప్రభుత్వ ఉద్యోగి కదా, ఇంట్లో ఇడ్లీలు ఎన్ని తిన్నాడో కూడా కాగితం మీద పెట్టించుకునే రకమని సరిపెట్టుకున్నాను. పైగా కన్నడ అక్షరాలు మన అక్షరాలకు పక్క పాపిడి తీసినట్టు ఉంటాయి కదా, కూడబలుక్కుని చదివాను. 'స్వంత మనె ఇదె' అని ఉంది. సొంత ఇల్లు ఉంది. సరిగ్గానే రాశాడని మెచ్చుకుని సంతకం చేశాను.

వెళ్ళేటప్పుడు, పని అయినట్టేనా అండీ అని అడిగాను. "అది పైవాళ్ళ చేతిలో ఉండాదమ్మా," అన్నాడు. అమ్మాయి తాతయ్యా నాయనమ్మా కాబోలనుకున్నాను.

సాయంత్రం గంగక్క రాగానే, పెదనాన్నను ముగ్గులోకి దింపేశానని చెప్పాను. ఆమె చేతిలో కూరల సంచీ అలాగే ఉండిపోయింది.

"ఆయన ఎట్లొస్తాడు? జ్వరం, ఆదివారం వస్తానని మధ్యాన్నమే ఫోన్ చేసినాడే. నిన్ను ఏమేం అడిగినాడు?"

చెప్పాను. మేడ దగ్గరికి వచ్చేసరికి ఆమె మెల్లగా గడప మీద కూర్చుంది.

మర్నాడే ఇద్దరం ఆఫీసుకు పరిగెత్తాం. నేను చెప్పిందంతా అబద్ధమని నేనే మొత్తుకున్నాను. సంతకం ఉంది కదమ్మా అన్నారు. ఇల్లు లేదని మునిస్వామి సొంత ఊరి పంచాయతీ నుంచి రాయించుకు రమ్మన్నారు. చింతామణి అవతల ఆ ఊరికి వెళ్ళాం. అక్కడి గుమాస్తా రిజిస్టరు తెరిచి ఇంటి నంబరు అడిగాడు. ఇల్లే లేదన్నాం. నంబరు చెప్పకపోతే ఏ ఇల్లు లేదని రాయాలన్నాడు. నేను ఒక్క మాటతో కట్టిన మేడను లేదనిపించడానికి నాలుగుసార్లు తిరిగాం. కాగితం చేతికొచ్చేసరికి జాబితా ముగిసిపోయింది. ఆ ఫ్లాటు తర్వాతి పేరువాళ్ళకు వెళ్ళింది.

గంగక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు మంచే చెప్పినావులే," అంది. "మేం బాగుండామంటే ఇల్లు రాదని నీకేం తెలుసు?" నాకు ఏడుపొచ్చింది. నిజానికి నాకు తెలుసు. షరతులు ఆమే నాకు చెప్పింది. గొప్పలు చెప్పే ఉత్సాహంలో బుర్ర ఇంట్లో పెట్టి వచ్చాను, అంతే.

అసలు పెదనాన్న అన్నమాట ప్రకారం ఆ ఆదివారమే వచ్చాడు. వీధిలో ఎవరినీ ఏమీ అడగలేదు. గంగక్క చేతి ఉప్మా తిని, ఇలా వండిపెట్టే ఇంట్లో పిల్ల సుఖపడుతుందని చెప్పి తాంబూలం పుచ్చుకున్నాడు. అంటే నా మేడ పెళ్ళికి కూడా పనికి రాలేదు. ఇప్పుడు ఆ అద్దె ఇంట్లో ఉన్న ఒక్క గదిలో అడ్డంగా దుప్పటి కట్టి, ఇటు గంగక్క దంపతులు, అటు కొడుకూ కోడలూ. పొద్దున్నే ఆ కోడలు చీర మార్చుకోవడానికి మా ఇంటికి వస్తుంది. నన్ను ఎంతో ప్రేమగా అక్కా అని పిలుస్తుంది. ఆ పిలుపు వినలేక వంటింట్లోకి తప్పుకుంటాను.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, గంగక్క మళ్ళీ దరఖాస్తు పెట్టింది. ఈసారి ఫ్లాట్లు ఇంకా దూరం, రెండు బస్సులు మారాలి. అయినా పేరు వచ్చింది. వారంలోగా విచారణకు వస్తామని కబురు కూడా వచ్చింది. ఆ సాయంత్రమే గంగక్క మా ఇంటికి వచ్చి నా చేతిలో తెనాలికి రైలు టికెట్ పెట్టింది.

"నీ మీద కోపం లేదు సుజాతా. వాళ్ళొచ్చి పోయేదాంకా మీ అమ్మగారింట్లో ఉండు."

కనుక మా ఆయన్ను హోటలు భోజనానికి వదిలేసి, తెనాలిలో మా అమ్మ వసారాలో కూర్చుని, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పక్కింటివాళ్ళ గురించి ఎవరు వచ్చి ఏమడిగినా నాకు తెలుగు రాదు, కన్నడం రాదు, చెవులు వినిపించవు. గంగక్క తన కొత్త ఇంటి తాళం తీశానని ఫోన్ చేసేదాకా బెంగళూరు రైలెక్కను. నేనిక్కడికి వచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.