నూతిలో పసుపు

గత వారం భిలాయి వైశాలి నగర్‌లోని మా ఇంటికి నీళ్ళ ఫిల్టర్లు అమ్మే ఆయన వచ్చాడు. మా కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి, సంచీలోంచి చిన్న సీసా తీసి, "దేఖియే అంకుల్" అంటూ ఏదో మందు రెండు చుక్కలు వేశాడు. నీళ్ళు రంగు మారాయి. నా భార్య కంగారుపడి ధర అడుగుతోంది. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. నన్ను అంకుల్ అనే వాళ్ళ ముందు నేను ఎక్కువసేపు కూర్చోనని ఇంట్లో అందరికీ తెలుసు కనుక ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ రోజు కారణం మాత్రం అది కాదు.

మాది విజయనగరం వైపు ఒకప్పటి దివాణం. మా తాతగారి చివరి రోజులకే భూములు, గుర్రపు బండి, చివరికి ఇంటి తలుపులు కూడా పోయాయి. మా నాన్నగారు భిలాయి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నది ఒక వెండి పొన్నుకర్ర, కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునే అలవాటు. ఆ రెండూ నాకు వచ్చాయి. ఆయన అక్కడి క్యాంప్ 2 బస్తీలో పాలిష్ షెడ్డు పెట్టారు. సైకిల్ హ్యాండిళ్ళను, కుళాయిలను క్రోమియం తొట్టెల్లో ముంచి తళతళలాడించే పని. దాన్ని ఆయన ఎన్నడూ షెడ్డు అనలేదు, కార్ఖానా అనేవారు. పనివాళ్ళు 'బాబుగారు' అనాలని పట్టుబట్టేవారు. ఛత్తీస్‌గఢ్ వాళ్ళకి నోరు తిరగక 'బాబూసాబ్' అంటే, పోనీలే, అందులో సాబ్ కూడా ఉందని ఒప్పుకున్నారు. తొట్టెలు కడిగిన నీళ్ళు షెడ్డు వెనక గోతిలో పోసేవాళ్ళం. అది తప్పని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదేమో.

చెప్పగల మనిషి మా ఇంట్లోనే ఉండేది. మా చిన్నత్త, నాన్నగారి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. దుర్గ్‌లో కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, నలభై దాటాక పరిశోధనకి దిగింది. ఊకని మాడ్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో నీళ్ళలోని క్రోమియాన్ని పట్టెయ్యడం ఆమె పని. మా పెరటి వసారాలో స్టాండ్లకి గాజు గొట్టాలు బిగించి, వాటినిండా ఊకబొగ్గు కూరేది. పైనుంచి క్రోమియం కలిసిన పసుప్పచ్చటి నీళ్ళు పోస్తే కింద బొట్టుబొట్టుగా తేట నీళ్ళు దిగేవి. ఇల్లంతా మాడిన ఊక వాసన. "రంగు పోయింది కదత్తా, ఇంకేం కావాలి?" అంటే, "రంగు పోడం వేరు, విషం పోడం వేరురా" అని, దిగిన నీళ్ళలో కాస్త ఆమ్లం కలిపి ఒక మందు చుక్క వేసేది. క్రోమియం మిగిలి ఉంటే నీళ్ళు ఊదా రంగుకి తిరిగేవి. తిరగని రోజున ఆ పూట కాఫీ ఆమే పెట్టేది. ఆ కాఫీ బాగుండేది కాదు గానీ, సంతోషంగా తాగేవాళ్ళం.

తొంభైల మధ్యలో ఒక వేసవి, అమ్మవారి సంబరానికి ముందు, మా షెడ్డు పక్క వీధి నూతిలో నీళ్ళు లేత పసుపుకి తిరిగాయి. ఆ వీధంతా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. సంబరంలో ఆడవాళ్ళు ముర్రాటలు, అంటే పసుపునీళ్ళ కుండల్లో వేపాకులు వేసి, అమ్మవారికి తీసుకెళ్తారు. ఆ నూతిని ఆనుకున్న ఇంట్లో ఇడ్లీలు అమ్ముకునే ఒకావిడ ఉండేది, వీధంతా పెద్దమ్మ అనేవాళ్ళు. చేద పైకి లాగి చూసి దండం పెట్టేసింది. "అమ్మోరే దిగొచ్చింది బాబూ! మనల్ని ఎతుక్కుంటా ఇంత దూరం వొచ్చింది." ఇంకేముంది, వీధి వీధంతా ఆ నీళ్ళని తీర్థంలా తాగడం మొదలుపెట్టింది. మొదటి ముర్రాట దివాణం వాళ్ళదే కావాలని పెద్దలు మా ఇంటికొచ్చి అడిగారు. నాన్నగారి ముఖం అంత వెలగడం నేను అంతకు ముందు చూడలేదు.

చిన్నత్త ఆ నీళ్ళు తెచ్చి చూసింది. చుక్క పడగానే చిక్కటి ఊదా. గ్లాసు నాన్నగారి ముందు పెట్టి, "అన్నయ్యా, ఇది మన గోతిలోంచి దిగింది. వాళ్ళు తాగుతున్నారు. చెప్పాలి" అంది. నాన్నగారు గ్లాసు వైపు చూడలేదు. "చెబితే రేపట్నుంచి మనం ఎవరం?" అన్నారు. "నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. సంబరం రోజు పెద్దల ముందు పరీక్ష చేసి చూపిస్తాను" అంది ఆమె. తెల్లవారి నూతి నీళ్ళు సీసాలో పట్టి తెమ్మని నాకు చెప్పింది. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి. ఎప్పుడూ ఆమె సీసాలు నేనే తెచ్చేవాణ్ణి.

నేను నూతి దగ్గరికి వెళ్ళలేదు. కుళాయి నీళ్ళు పట్టి, వంటింట్లోంచి చిటికెడు పసుపు వేసి కలిపాను. నాన్నగారు చెప్పలేదు. నా అంతట నేనే చేశాను.

సంబరంలో అందరి ముందు ఆమె ఆమ్లం కలిపింది, చుక్క వేసింది. నీళ్ళు పసుపుగానే ఉన్నాయి. జనం గొల్లున నవ్వారు. "దీదీ, ఆప్‌కా టెస్ట్ ఫెయిల్!" అని ఎవడో అరిచాడు. "ఏటమ్మా, అమ్మోరికే పరీచ్చ పెడతారేటి సదువుకున్నోలు?" అని ఒక ముసలాయన దెప్పాడు. చిన్నత్త సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది. అడుగున పసుపు పొడి పేరుకుంది. మూత దగ్గర వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది. నూతి పది అడుగుల దూరంలో ఉంది. ఇంకో చేద తోడమంటే సరిపోయేది. నేను దొంగనని అందరికీ తెలిసేది, అంతే. ఆమె సీసా సంచీలో పెట్టుకుని, "నా మందు పాడైపోయినట్టుంది" అంది. ఆమె నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

చిన్నత్త రెండు రోజుల తర్వాత ఒక డ్రమ్ములో ఊకబొగ్గు నింపి తానే రిక్షాలో పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. పెద్దమ్మ ఆ డ్రమ్ముని ముట్టలేదు. "అమ్మోరి పసుపుని వొడకట్టేత్తామేటమ్మా? పాపం కాదూ?" అందట. నూతి మీద రాయాల్సిన అధ్యాయం చిన్నత్త రాయలేదు. అది లేకుండా పరిశోధన పూర్తి కాలేదు. వసారాలో గొట్టాలు విప్పి, అట్టపెట్టెలో సర్ది, వేరే ఊరి కాలేజీకి వెళ్ళిపోయింది. అక్కడే పోయింది. నాన్నగారు అంతకు ముందే పోయారు, షెడ్డు కూడా మూతపడింది.

చాలా ఏళ్ళకి పెద్దమ్మ కూతురు ఇక్కడే సుపేలా బజారులో టిఫిన్ సెంటరు పెట్టిందని తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని వెళ్ళాను. పెద్దమ్మ అప్పటికే లేదు. కడుపులో పుండ్లతో, చివర్లో అన్నం ఇమడక పోయిందట. ఆ నీళ్ళ వల్లేనని ఎవరూ రుజువు చెయ్యలేరు. కాదని నేనూ చెప్పలేను. నన్ను చూడగానే ఆ అమ్మాయి లేచి నిలబడి కుర్చీ తుడిచింది. "కూకోండి బాబుగోరూ. మాయమ్మ ఆకరిదాకా మీ ఇంటి మాటే సెప్పీది. ఆ బాబులు పక్కనుండబట్టే మన నూతిలోకి అమ్మోరొచ్చిందే అనీది."

నేను వీపు ఆనించకుండా కూర్చుని, ఆమె పెట్టిన ఇడ్లీలు తిని, "అవునమ్మా" అన్నాను. అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. చెప్పడానికి ఇంకా బోలెడు కాలముందని ఆ రోజు కూడా అనుకున్నాను.