గవర్నర్ చేతికిచ్చిన అర్జీ

మా అక్కకు పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఆమెకు పెళ్లే కాలేదని మాకు తెలిసింది. మాంటాన్ బ్లాంష్‌లో పచ్చటి పందిరి కింద, నలుగురి ఎదుట, పసుపుతాడుతో జరిగిన పెళ్లి అది. పందిట్లో తమలపాకులు పంచింది నేనే. కానీ జిల్లా ఆఫీసులో పెళ్లిళ్ల రిజిస్టరు ఒకటి ఉండేది. అందులో ఎక్కని పెళ్లి మారిషస్ చట్టానికి పెళ్లి కాదు. ఆ రోజుల్లో మావాళ్లలో చాలామంది ఆ ఆఫీసు గడప తొక్కలేదు. దేవుడికి చెప్పుకున్నాం, ఇక దొరకెందుకు అనుకునేవారు.

బావకు జబ్బు చేసేదాకా మాకు దాని అవసరం పడలేదు. ఆ ఏడు వానల్లో అతనికి చలిజ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్లీ వచ్చేది, వచ్చిన ప్రతిసారీ మనిషి ఇంకాస్త తరిగిపోయేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఉన్నదల్లా, ఒక పెద్ద చెరకు తోటను ముక్కలు చేసి అమ్మినప్పుడు ఇద్దరూ కలిసి కష్టపడి కొనుక్కున్న రెండెకరాలు. రాళ్లు ఏరి కుప్పలు పోసింది అక్క, గుంటలు తవ్వింది బావ. దస్తావేజు మాత్రం బావ పేరు మీదే ఉంది. పెళ్లి రిజిస్టరులో ఉంటే అందులో సగం అక్కది. లేకపోతే, బావకేమైనా అయితే మొత్తం ప్లేన్ మాన్యెన్‌లో ఉండే అతని తమ్ముడికి పోతుంది. పక్క ఊళ్లో ఒకామెకు అలాగే జరిగిందని విని బావే మంచం మీంచి నన్ను పిలిపించి, "నువ్వు సదువుకున్నోడివి, దీని సంగతేటో సూడు" అన్నాడు.

చదువుకున్నవాణ్ణే. ఊరి బళ్లో చిన్న పంతుల్ని. నాకు ఇరవై రెండేళ్లు, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలనని కొండంత గర్వం. పిల్లల చేత ప్రభుత్వాన్ని వల్లె వేయించేవాణ్ణి. అందరికంటే పైన లండన్‌లో రాజుగారు. ఆయన కింద వలస దేశాలను చూసే మంత్రి. ఇక్కడ దీవిలో రాజుగారికి బదులుగా గవర్నర్, ఆయనకు సలహా చెప్పే సభ, ఆయన పేరున అన్ని ఉత్తరాలూ నడిపే కలోనియల్ సెక్రటరీ, చట్టం సంగతులు చూసే ప్రొక్యురర్ జనరల్, ఖజానా చూసే రిసీవర్ జనరల్, కూలీల కోసం ప్రొటెక్టర్, జిల్లాకొక మేజిస్ట్రేటు. ఇవన్నీ నల్లబల్ల మీద పైనుంచి కిందికి వరసగా రాసేవాణ్ణి. రిజిస్టరు రాసే గుమాస్తా దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద చోటు అయిపోయేది. అతన్ని వదిలేసేవాణ్ణి.

ఆ గుమాస్తా దగ్గరికే మొదట వెళ్లాను. పొద్దున పోతే మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టాడు. చివరికి పిలిచి, తల ఎత్తకుండానే దీవి వాడుక భాష క్రియోల్‌లో, "ఏం కావాలి, కొరంగీ?" అన్నాడు. కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చామని అక్కడ తెలుగువాళ్లకు ఆ పేరు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అతను క్రియోల్‌లోనే జవాబిచ్చాడు. మీ బావలా చిన్నప్పుడు ఓడలో వచ్చినవాడికి పుట్టిన కాగితం ఎక్కడుంటుందిలే, అతన్ని ఎరిగిన ఇద్దరు పెద్దవాళ్లను గురువారం తీసుకురా, మనిషి కదల్లేకపోతే రిజిస్టరు పట్టుకుని నేనే వస్తాను, ఇద్దరూ నా ఎదుట మళ్లీ పెళ్లాడితే సరిపోతుంది అన్నాడు. ఇప్పుడు తలచుకుంటే అంతకంటే మంచి మాట ఆ దీవిలో నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు నా చెవికి ఎక్కింది మాత్రం రెండే. ఒకటి కొరంగీ. రెండోది, మళ్లీ పెళ్లాడటం.

ఇంటికొచ్చి చెబితే మా నాన్న మండిపడ్డాడు. ఆయన విశాఖపట్నం వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు చెరకు నరికిన మనిషి. "తొమ్మిదేళ్లు కాపరం సేసిన పిల్లకి మళ్లీ పెళ్లేట్రా? ఊళ్లో తలెత్తుకోగలవా? గుమాస్తా గాడికేటి తెలుసు. పెద్ద దొరకే సెప్పుకుందాం" అన్నాడు. ఆయన ఊళ్లో కలెక్టరు గుడారం వేసుకుంటే రైతులు చేత్తో నిమ్మకాయ పట్టుకుని వెళ్లి కష్టం చెప్పుకునేవారట. దొర అక్కడికక్కడే తీర్పు చెప్పేవాడట. నాకూ ఆ మాట తియ్యగా వినిపించింది. అంతకంటే, నన్ను వరండాలో నిలబెట్టినవాడికి పైనుంచి హుకుం వస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నిజం చెప్పొద్దూ, అక్క సంగతి కంటే అదే ముందు తోచింది.

సరిగ్గా ఆ గురువారమే గవర్నర్ కార్తియే మిలితేర్‌కు కొత్త ఆసుపత్రి చూడటానికి వస్తున్నాడని తెలిసింది. మూడు రోజులు కూర్చుని అర్జీ రాశాను. గుమాస్తా చెప్పినట్టు కొత్తగా పెళ్లి రాయించమని కాదు. తొమ్మిదేళ్ల కిందటి పందిరి పెళ్లినే చట్టం పెళ్లిగా ఒప్పుకోమని రాశాను. ఊరి పెద్దలు వేలిముద్రలు వేశారు. గురువారం గుమాస్తా దగ్గరికి రావలసిన ఇద్దరు ముసలివాళ్లు కూడా, కొత్త తలపాగాలు చుట్టుకుని, మాతో ఎడ్లబండిలో కార్తియే మిలితేర్‌కే వచ్చారు.

గవర్నర్ నిమ్మకాయ తీసుకుని నవ్వాడు. అర్జీ కూడా తీసుకున్నాడు. పక్కనున్న తెల్ల దుస్తుల అధికారికి రెండూ అందించి ముందుకు నడిచాడు. అంతే, మేం గాల్లో తేలిపోయాం. దారి పొడవునా భజన పాటలు పాడుకుంటూ తిరిగొచ్చాం. మా నాన్న ఇంటింటికీ అరటిపళ్లు పంచాడు.

వారం గడిచింది, రెండో వారమూ గడిచింది. బావ మంచం దిగడం మానేశాడు. అక్క నన్ను చూసినప్పుడల్లా అడిగేది.

"లచ్చివారం ఆ గుమాస్తా బిరోకి రమ్మన్నాడు గదా తమ్ముడా, ఓపాలి ఎల్లకూడదేటి?"

"ఆడెవుడే అక్కా, గుమాస్తా! గవనర్ సేతికే ఇచ్చినాను. పైనోడు సెప్పినాక కిందోడు సచ్చినట్టు సేస్తాడు."

నాలుగో వారం నాతో చెప్పకుండా అక్క ఒక్కతే నడిచి ఆ ఆఫీసుకు వెళ్లింది. ఆమెను అతను వరండాలో నిలబెట్టలేదట, కుర్చీ వేశాడట. ఇప్పుడిక కుదరదన్నాడని ఆమె చెప్పగానే ఆ సాయంత్రం నేనూ పరుగెత్తాను. గుమాస్తా సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. బావ పేరు, అక్క పేరు, ఊరు, అన్నీ అతని చేత్తోనే రాసి ఉన్నాయి. గురువారం కోసం సిద్ధం చేసుకున్నదట.

"ఇప్పుడు నా చేతులు కట్టేశావు, మిస్యే. నీ అర్జీ గవర్నర్ నుంచి సెక్రటరీకి, సెక్రటరీ నుంచి ప్రొక్యురర్ జనరల్‌కు పోయింది. పందిరి పెళ్లి చట్టానికి పెళ్లా కాదా అని ఆయన తేల్చాలట. అది తేలేదాకా ఈ పెళ్లి జోలికి పోవద్దని నాకు ఉత్తర్వు వచ్చింది."

"మేం అర్జీ వెనక్కి తీసుకుంటే?"

"అదీ లావో నుంచే దిగాలి" అని వేలు పైకి చూపించాడు.

అర్జీ వెనక్కి ఇమ్మని ఆ రాత్రికి రాత్రే ఇంకో ఉత్తరం రాసి తెల్లవారి టపాలో వేశాను. అదీ మొదటిది పోయిన దారినే పోయింది. ఎవరూ మమ్మల్ని కసిరింది లేదు, ఎవరూ లంచం అడిగింది లేదు. ప్రతి మనిషీ తన బల్ల మీదికి వచ్చిన కాగితాన్ని శ్రద్ధగా చదివి, తన ముక్క రాసి, పక్కవాడికి పంపాడు. ఎవరు ఎవరి కంటే పైనో పిల్లలకు చెప్పాను గాని, ఎవరు ఏ పని చేస్తారో నాకే తెలియదు. అక్క బతుకుకు కావలసిన పని చేయగలవాడు అందరికంటే కిందివాడు. అతన్ని దాటేసి పైకెక్కాను. అది తలచుకుంటే ఈ ముసలితనంలో కూడా నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

తొమ్మిది రోజుల తర్వాత బావ పోయాడు.

మర్నాడు చావు రాయించడానికి నేనే వెళ్లాను. గుమాస్తా అన్నీ అడిగి రాసుకుంటూ ఒక చోట కలం ఆపాడు. తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు.

"ఇక్కడ పెళ్లయిందా లేదా అని రాయాలి" అన్నాడు మెల్లగా.

"మీకు తెలిసిందే రాయండి" అన్నాను. అతను అవివాహితుడు అని రాశాడు. అలా రాశాక నేను బావమరిదిని ఎలా అవుతాను? చావు తెలియజేసినవాడి గడిలో, స్నేహితుడు, ఉపాధ్యాయుడు అని రాసి సంతకం చేయమన్నాడు. అందంగా చేశాను. చేతికి అదే అలవాటు.

"ఏటి రాసినారు?" అని అక్క అడిగింది.

"పేరు, ఊరు, ఈడు" అన్నాను.

పెద్దకర్మ అయ్యాక గవర్నర్ పేరున మూడు వరసల జవాబు వచ్చింది. అర్జీదారులు తమ జిల్లా అధికారిని కలుసుకోవలెనని ఉంది. ఆ తర్వాత కొద్ది రోజులకు బావ తమ్ముడు నోటరీని వెంటబెట్టుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు, అక్క ముఖం చూడలేక నేల చూపులు చూశాడు. నోటరీ చావు కాగితాన్ని పైకి చదివాడు. అవివాహితుడు. స్నేహితుడు. అక్క నా వైపు ఒక్కసారి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. లేచి దీపం వత్తి సరిచేసింది.

భూమి అతనిదైంది. మరుసటి కోతకు అక్క తాను నాటిన చెరకునే కూలికి నరికింది. మా ఇంటికి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. పండగలకు వచ్చేది, నా పిల్లలను ఎత్తుకునేది, నాకు ఇష్టమని పనసకాయ కూర వండి పెట్టేది. ఎవరూ ఆమెను వేలెత్తి చూపలేదు, నన్నూ చూపలేదు. కానీ అటుపైన చేతికి ఏ కాగితం వచ్చినా, మా గుమ్మం ముందు నుంచే నడిచి ఊరి చివర దుకాణానికి పోయి చదివించుకునేది. ఒకసారి అలా కాగితంతో వీధిలో ఎదురుపడితే, ఇలా ఇవ్వమని చెయ్యి చాపాను. అక్క ఆ కాగితాన్ని కొంగులో ముడేసుకుంది.

"నీకెందుకులే తమ్ముడా, పెద్ద సదువులోడివి" అని నవ్వి, పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది.