వెండి సుడిగాలి మొదటి స్నానం

మాది గంధకపు నీటి బుగ్గలున్న కొండ ఊరు. ఏ వీధిలో నడిచినా కుళ్ళిన గుడ్ల వాసన. ఇక్కడ స్నానాల ఇల్లు నడిపే నుకుయి గారు, వయసులో ఉండగా టీవీలో ‘వెండి సుడిగాలి’ వేషం కట్టి రాక్షసుల్ని తన్నేవారట. ముసుగు వెనక మొహం ఎవరు చూశారు? చెబితే ఊరు నవ్వేది.

ఈమధ్య ఆ వీరుడి బొమ్మతో వెండి నాణెం వచ్చింది. గాల్లో తన్నుతున్న బొమ్మ, ఎడమ మోకాలు లోపలికి వంకర. “ఆ మోకాలు నాదే. ఇప్పుడైనా నమ్ముతారు,” అని ఆయన ఒకటి కొని, మా అమ్మాయి సుజు వెళ్ళే పిల్లల బడినంతా చూడ్డానికి పిలిచారు. నాణెం పిల్ల గొంతులో అడ్డం పడుతుందేమోనని నాకు దిగులు. కొలిచి చూద్దామని ముందే వెళ్ళాను.

నాణెం సుజు నోటికంటే పెద్దదే. కానీ బొగ్గులా ఉంది.

“ఏం చేశారండీ?”

“సుజు వాళ్ళమ్మా, ఎంతైనా సుడిగాలి ఇంటికొచ్చిన అతిథి కదా. బుగ్గ నీళ్ళలో మొదటి స్నానం ఆయనకే ఇచ్చాను.”

“నాణెం నెత్తిన తువ్వాలు కూడా పెట్టాడు,” అన్నారు ఆయన భార్య తోకికో గారు. “నాకేనాడైనా ఇచ్చాడా మొదటి స్నానం?”

చదివిన రసాయనశాస్త్రం ఇన్నాళ్ళకి పనికొచ్చిందనుకున్నాను. “గంధకం పట్టింది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళు ఉంటే చాలు, నలుపు వదిలిపోతుంది.” నేను రేకు వెతికేలోపే తోకికో గారు నాణేన్ని వేడినీళ్ళలో వేసేశారు. బుగ్గ నీళ్ళే. మా ఊళ్ళో వేరే వేడినీళ్ళు ఎవరు కాస్తారు? ఉన్న కాస్త తెలుపూ పోయింది.

అంతలో పిల్లలు దిగారు.

“కాటుక దొర!” అని కేక పెట్టింది సుజు. అది సుడిగాలి శత్రువు పేరు. “తాతా, నువ్వు దుర్మార్గుడివా?”

“కాదమ్మా, ఇది సుడిగాలే. స్నానం చేయించాను.”

“స్నానం చేస్తే మురికయ్యాడా?”

నుకుయి గారు లేచి, అంగీ అంచు నడుముకి దోపుకుని, స్నానాల పీట ఎక్కి గాల్లోకి తన్నారు. చెప్పు ఎగిరి తొట్టిలో పడింది. కాలు మాత్రం దిగలేదు.

“పట్టుకోవే, పట్టేసింది!”

తోకికో గారు పట్టుకున్నారు. సుజు నాణెం తీసుకెళ్ళి ఆ మోకాలి పక్కన పెట్టి, అటూ ఇటూ చూసింది.

“అదే వంకర!”

పిల్లలంతా ఒక్కసారిగా నడుము వంచి దండం పెట్టారు. ఒంటికాలి మీదే నిలబడి నుకుయి గారు కళ్ళు తుడుచుకున్నారు.

సుజు ఆయన చెవి దగ్గరికి వెళ్ళింది. “తాతా, నువ్వు మాత్రం స్నానం చెయ్యకు. నల్లబడతావు.”