పీటల మీద మా తోడికోడలు

మా తోడికోడలికి ఇద్దరూ మగపిల్లలే. ఏ పెళ్ళికి వెళ్ళినా, "కన్యాదానం చేసే రాత మాకు లేకపోయింది" అని నలుగురిలో నిట్టూర్చేది. అన్నప్పుడల్లా నా కూతురి వైపు చూసేది. ఆ చూపేమిటో నేను అప్పుడే పసిగట్టాల్సింది. పసిగట్టకపోగా, వంటపనికి కువైట్ వెళ్తూ పిల్లని తీసుకెళ్ళి ఆవిడ చేతిలోనే పెట్టాను. నా అంత తెలివైనదాన్ని మీరెక్కడా చూసి ఉండరు.

మాది పెదపాడు దాటాక కొల్లేరు వైపు ఊరు. వీధికి ఇటు మా ఇల్లు, అటు బావగారిల్లు. ఆయన చేపల మేత డీలరు. ఆయన చెరువుల మీద మా ఆయన పని చూసుకునేవాడు. నేను ఆరేళ్ళు పరాయి దేశంలో ఎవరికో వండి వడ్డిస్తుంటే, మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. సెలవు దొరికితే పెద్దమ్మ ఇంటికే వచ్చేది. ఆవిడ పిల్లకి రోజూ ఫోన్ చేసేది. ఆ మాట కూడా చెప్పాలి, అబద్ధమెందుకు?

మాఘమాసంలో పెళ్ళి కుదిరింది. పది రోజుల ముందే వద్దామని టికెట్ తీసుకుంటే విమానం రెండుసార్లు వాయిదా పడింది. ముహూర్తం నాలుగు రోజులుందనగా వచ్చి పడ్డాను. అక్కడ ఎక్కేముందు ఒకసారి కరోనా టెస్టని ముక్కులో పుల్ల పెట్టారు, ఇక్కడ దిగాక ఇంకోసారి పెట్టారు. రెండూ నెగెటివే. అయినా బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు వారం రోజులు గడప దాటకూడదనీ, ఎనిమిదో రోజు మళ్ళీ టెస్టు చేయించుకోవాలనీ అప్పటి రూలు. ఉండటానికి ఉంది గానీ, మా వైపు గల్ఫ్ నుంచి దిగినవాళ్ళు మర్నాడే ఏలూరు వెళ్ళి సినిమాలు చూసొచ్చారు. అడిగిన నాథుడు లేడు. నేను మాత్రం బుద్ధిగా మా మేడ మీద గదిలో ఉన్నాను. మా ఆయన్ని బావగారింట్లో పడుకోమన్నాను. పెళ్ళినాడు మాస్కు కట్టుకుని దిగి, పీటల మీద కూర్చుంటే చాలనుకున్నాను.

రెండో రోజు పొద్దున్నే సచివాలయం నుంచి ఏఎన్ఎమ్ వచ్చి మా తలుపుకి కాగితం అంటించింది. "వారం దాకా మెట్లు దిగొద్దండి. దిగితే కేసవుద్దండి," అంది.

"నేనొచ్చానని నీకెవరు చెప్పారమ్మా?"

ఆ అమ్మాయి కాగితం మూలలు మళ్ళీ నొక్కింది. "మీ అక్కగారేనండి. రెండుసార్లు ఫోన్ చేశారండి. లేపోతే మేం చూసీ చూడనట్టు ఊరుకుందుమండి."

అక్కగారంటే మా తోడికోడలు. ఆవిడే కాసేపటికి వీధిలోకి వచ్చి, మెడ పైకెత్తి నాతో మాట్లాడింది. "పెళ్ళికి ముసలీ ముతకా వస్తారు కదమ్మా. రూలంటే రూలే మరి. నువ్వేం దిగులు పెట్టుకోకు, పీటల మీద మేం కూర్చుంటాంలే," అంది. ఆ గొంతులో దిగులు ఆవగింజంత లేదు. మా ఆయనకి చెబితే, "వదినే కదా, పరాయి మనిషా?" అన్నాడు. ఆ మనిషి ఉప్పూకారం తింటున్నాడో లేదో నాకు ఈనాటికీ అనుమానమే.

పెళ్ళి బావగారింటి ముందు పందిట్లో జరిగింది. పిట్టగోడ పట్టుకుని పైనుంచి చూశాను. పందిరి గుడ్డ అడ్డంగా ఉండి నాకు పెళ్ళికొడుకు కాళ్ళు, వాటిని కడుగుతున్న మా తోడికోడలి గాజుల చేతులు మాత్రమే కనిపించాయి. మైకులో పంతులుగారు మా ఆయన పేరు రావాల్సిన చోట బావగారి పేరు, నా పేరు రావాల్సిన చోట ఆవిడ పేరు చదివారు. ఊరంతా విన్నారు. నేను ఏడ్చాననుకుంటారేమో, ఏడవలేదు. నీ అంతు చూస్తానే అనుకున్నాను, పైకే అనుకున్నాను.

ఆ ఒక్క పూటతో పోయిందా అంటే, పోలేదు. పీటల మీద కూర్చున్నవాళ్ళే కదా అమ్మానాన్నల లెక్క. చింతలపూడి వైపునున్న మా వియ్యాలవారు వ్రతానికి మొదట వాళ్ళనే పిలిచారు. శ్రావణమాసం చీర వాళ్ళ చేతుల మీదుగా ఇప్పించారు. సీమంతానికి మొదటి గాజులు ఆవిడే తొడిగింది. నేను వెనక వరసలో పళ్ళాలు అందించాను. కన్నది నేనో, ఆవిడో తెలియక ఒక ముసలావిడ నన్నే అడిగింది, "మీరు పిల్లకి ఏమవుతారండీ?" అని.

ఏడాది తిరక్కుండానే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఏలూరు ఆసుపత్రి నుంచి బిడ్డనీ తల్లినీ పట్టుబట్టి మా ఇంటికే తెచ్చుకున్నాను. ఇరవై ఒకటో రోజు బారసాల. పాపని ఉయ్యాలలో వేసేది ఎవరన్న మాట వచ్చింది. అమ్మమ్మ వెయ్యాలి. అమ్మమ్మంటే ఎవరు? "పీటల మీద కూర్చున్నావిడ ఉండగా ఇంకొకరెలా వేస్తారండీ?" అంది మా వియ్యపురాలు. ఈసారి ఇవ్వను అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియలేదు.

దారి బ్యాంకాక్ నుంచి వచ్చింది. మేత కంపెనీవాళ్ళు డీలర్లని జంటగా అక్కడికి టూరు తీసుకెళ్ళారు. బారసాలకి రెండు రోజులుందనగా బావగారూ ఆవిడా తిరిగొచ్చారు. అప్పటికి జబ్బు మళ్ళీ తిరగబెడుతోందని విమానం దిగినవాళ్ళలో కొందరిని ఏరి టెస్టు చేస్తున్నారు. అంత విమానంలో ఆ కొందరిలో మా తోడికోడలు పడింది. విన్న వెంటనే వెళ్ళి దేవుడికి దీపం పెట్టాను.

"రిజల్ట్ వచ్చేదాకా పసిపిల్ల దగ్గరికి రావొద్దు పెద్దమ్మా," అని మా అమ్మాయే ఫోన్లో చెప్పింది. నేను పక్కనుంచి, "రూలంటే రూలే కదక్కా," అని అందించాను.

ఇంకో సంగతి ఉంది. ఎయిర్‌పోర్టులో ఫారం మీద నంబర్ అడిగితే ఆవిడకి నోటికొచ్చిన నంబర్ ఒక్కటే, హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మాయి వాడినది. పెళ్ళయ్యాక ఆ సిమ్ నా ఫోన్లో వేసుకున్నాను. బారసాల నాడు పొద్దున తొమ్మిదింటికి మెసేజ్ నాకొచ్చింది. నెగెటివ్.

ముహూర్తం పదకొండింటికి. వీధి దాటి చెప్పడానికి అర నిమిషం చాలు. ఫోన్ మంచం మీద బోర్లా పెట్టి, వెళ్ళి పసుపు కలిపాను. పాపకి నీళ్ళు పోసి తీసుకొస్తుంటే మా అమ్మాయి అడిగింది. "పెద్దమ్మ రిజల్ట్ ఇంకా రాలేదా అమ్మా?"

"రాలేదు," అన్నాను. బిడ్డ నా చేతుల్లోనే ఉంది.

ఉయ్యాల బిగించారు. ముత్తైదువలు పాట ఎత్తుకున్నారు. నా మనవరాల్ని నా రెండు చేతులతో ఉయ్యాలలో వేశాను. వీధి అవతల ఆ ఇంటి తలుపు మూసే ఉంది. మూసిన ఆ తలుపు చూస్తూ నేను పొందిన సుఖం ఆరేళ్ళ కువైట్ జీవితంలో ఏ రోజూ పొందలేదు.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ చేసింది నేనని ఆవిడకి తెలియకపోతే కడుపు నిండేలా లేదు. భోజనాలయ్యాక నేనే ఫోన్ చేశాను. "అక్కా, నీ రిజల్ట్ వచ్చింది. నెగెటివ్. పొద్దున తొమ్మిదింటికే వచ్చింది." తొమ్మిదింటికే అన్న మాట ఒత్తి పలికాను. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని కాచుకుని ఉన్నాను.

"తెలుసు," అంది ఆవిడ. "మెసేజ్ నీ ఫోన్‌కే వస్తుంది కదా, చెబుతావేమోనని చూశాను. చెప్పకపోయేసరికి పదింటికి ఏఎన్ఎమ్‌ని అడిగి తన ఫోన్లో రిజల్ట్ చూపించుకున్నాను."

"మరి ఎందుకు రాలేదు?"

"వద్దామనే చీర కట్టుకున్నాను. పోనీలే, నీ చేత్తో వేసుకుంటావు కదా అని కూర్చుండిపోయాను. వేస్తే ఏడ్చిందా పిల్ల?"

"లేదు," అని పెట్టేశాను.

ఏడాదిపాటు కాచుకుని, కన్నకూతురితో అబద్ధమాడి నేను లాక్కున్నదనుకున్నది ఆవిడ వదిలితే వచ్చిందన్న మాట. నా మనవరాల్ని నా చేతికి ఆవిడే ఇచ్చింది, నేనేం చేశానో తెలిసి మరీ ఇచ్చింది. ఎవరితోనూ చెప్పలేదు కూడా, చెబితే నేనూ నాలుగు మాటలు అని ఉండేదాన్ని. ఇప్పటికీ ఎదురుపడితే పాప ఎలా ఉందని అడుగుతుంది, నేను బాగుందంటాను. పెళ్ళినాటి సంగతి ఎప్పటికైనా క్షమిస్తానేమో గానీ, ఆ పోనీలే అన్నదాన్ని మాత్రం చచ్చినా క్షమించను.